కిలోకి ఎనిమిది డబ్బాలు

విశాఖ చేపల రేవులో కానాగంతలు బాగా పడ్డ రోజున కిలో 120, మహా అయితే 140 రూపాయలు. అదే ఊళ్ళో సూపర్ మార్కెట్ అరలో, అరచేతిలో ఇమిడిపోయే చేప డబ్బా 200 పైచిలుకు. మూత విప్పి నూనె వంచేసి తూస్తే లోపల మిగిలే చేప 120, 130 గ్రాములు. ఇంత కండ కిలో చేప కంటే ఎక్కువ పలకడమేమిటి? దీనికి నేను చెప్పుకున్న జవాబు ఒక్కటే: మధ్యలో ఎవడో తినేస్తున్నాడు. ఆ తినేదేదో మనమే తిందామని, దాచుకున్న సొమ్మూ, మా బావగారి దగ్గర తెచ్చిన సొమ్మూ కలిపి కానాగంతల డబ్బాల వ్యాపారంలోకి దిగాను. రెండూ పోయాయి. బావగారివి వాయిదాల మీద ఇంకా తీరుస్తున్నాను.

లెక్కలు రానివాణ్ణయితే సరిపెట్టుకుందును. ఏళ్ళ తరబడి ఇతరుల జమాఖర్చుల్లో తప్పులు పట్టి బతికినవాణ్ణి. ఆనాటి లెక్క పాత డైరీలో ఇంకా ఉంది. కిలో అంటే 1,000 గ్రాములు, డబ్బాకి 120 గ్రాములు, కిలోకి ఎనిమిది డబ్బాలు. కిలో 140 అనుకుంటే డబ్బాలోని చేప ఖరీదు పదిహేడున్నర. డబ్బాకీ నూనెకీ కూలికీ ఇంకో ముప్పై వేసినా యాభై దాటదు. జనం 200 పెట్టి కొంటున్నదాన్ని 120కి ఇస్తే ఎగబడతారు. కాగితం మీద ఇంత సొగసుగా ఉన్న లెక్కని అనుమానించాలని తోచలేదు.

ఈ ఆలోచన పుట్టింది డల్లాస్‌లో, మా అక్క ఇంట్లో. అక్కడ వ్యవహారం తలకిందులు. 142 గ్రాముల ట్యూనా డబ్బా ఒక డాలరు, కాస్త అటూ ఇటూ. అదే దుకాణంలో ఐసు మీద పరిచిన తాజా ట్యూనా ముక్క పౌను 15 డాలర్ల పైన. చదువుకోడానికొచ్చిన మన పిల్లలు జీతాల్లేని నెలల్లో డబ్బాలు విప్పుకుని, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి వేపుడు చేసుకుంటారు. తాజాది కొనేవాళ్ళు ఇంటికి అతిథులొస్తేనే కొంటారు. మా ఊళ్ళో చూస్తే, రిక్షా తొక్కేవాడి ఇంట్లో తాజా కానాగంతల పులుసు. కార్లో వచ్చినవాడి సంచిలో డబ్బా. అక్కడ డాలరుకి దొరికేది ఇక్కడ రెండున్నర డాలర్లవుతోందంటే మోసం ఇక్కడే జరుగుతోందని తేల్చేశాను. అక్కడ అంత చవకగా ఎలా ఇవ్వగలుగుతున్నారని మాత్రం అడగలేదు. అడిగినది డబ్బు పోయాక, తీరుబడిగా.

ముందుగా, ఆ డబ్బాలో చేపా ఆ ఐసు మీది చేపా ఒకటి కావు. మనం రెండింటినీ సూర అనేస్తాం. ఐసు మీద ఎర్రగా మెరిసేది ఎక్కువగా ఎల్లోఫిన్, పసుపు రెక్కల సూర. చవక డబ్బాల్లోది చాలావరకు స్కిప్‌జాక్, పొట్ట మీద చారలుండే చిన్న సూర. ప్రపంచంలో వ్యాపారానికి పట్టే ట్యూనాలో సగానికి పైగా ఇదే. పడమటి పసిఫిక్‌లో దీని మంద కనపడితే చుట్టూ పెద్ద వల తిప్పి, అడుగు తాడు బిగించి సంచిలా మూసేస్తారు. ఒక్క వలలో పదుల టన్నులు పైకొస్తాయి, కలిసొస్తే వంద దాటుతుంది. పడవ మీదే గడ్డ కట్టించే చలువ ఉప్పునీటి తొట్లలో పోసేస్తారు. నౌరు ఒప్పందంలోని పసిఫిక్ దేశాలు తమ జలాల్లో ఒక్క పడవ ఒక్క రోజు వేటాడటానికి కనీసం 8,000 డాలర్లు పుచ్చుకుంటాయి. అంత కట్టి కూడా ఆ చేప బ్యాంకాక్ చేరేసరికి టోకున కిలో ఒకటి, రెండు డాలర్ల మధ్యే ఆడుతుంటుంది. వలలో పడ్డ రాశి అలాంటిది.

థాయ్‌లాండ్ కర్మాగారాలు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ట్యూనా డబ్బాలు ఎగుమతి చేస్తాయి. అక్కడ పారేసేది ఏమీ లేదు. తలా ఎముకా చేపపొడికి పోతాయి. నల్లగా ఉండే ఎర్రకండ పిల్లుల మేతకి పోతుంది. ఉడికించిన నీళ్ళని కూడా చిక్కబరిచి అమ్ముతారు. తెల్ల కండ ఒక్కటే ఖర్చులన్నీ మోయనక్కర్లేదు. డబ్బాలు మూసి కంటైనర్లో పేర్చాక ఐసు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, ఓడ పదిహేను రోజులు ఆలస్యమైనా సరుకుకి ఏమీ కాదు. మూడేళ్ళ గడువుంది కదా.

తాజా ముక్క కథ వేరు. దాన్ని గాలంతో ఒక్కొక్కటిగా పట్టాలి, పట్టీ పట్టగానే రక్తం తీసెయ్యాలి, కడుపు శుభ్రం చెయ్యాలి, ఐసులో కప్పాలి, చాలాసార్లు విమానమెక్కించాలి. దుకాణంలో పెట్టాక రెండు మూడు రోజుల్లో అమ్ముడుపోవాలి. పోనిది చెత్తబుట్టలోకి. ఆ పారేసిన ముక్క ఖరీదు అమ్ముడైన ముక్క మీదే పడుతుంది. డల్లాస్‌లో పౌను 15 డాలర్లకి కొనేవాడు తాను తినని చేపకి కూడా డబ్బిస్తున్నాడన్నమాట.

ఇవేవీ తెలియని రోజుల్లో నేను చేపల రేవులో తిరగడం మొదలుపెట్టాను. అక్కడ తరాలుగా చేపలమ్మే కుటుంబంలో ఒక పెద్దావిడని అందరూ అప్ప అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. నా ఉద్దేశం చెప్తే ఆవిడ నవ్వలేదు. జాలిపడింది.

“మాకు మిగిలితే ఉప్పేసి ఎండెట్టేస్తాం బాబూ. ఎండకి డబ్బులియ్యక్కర్నేదు కదా. నువ్వు నిప్పెట్టి, ఇనప డబ్బాలో ఎడతానంతన్నావు. ఆ నిప్పుకీ ఇనుముకీ డబ్బులెవుడిస్తాడు?”

“డబ్బా మూడేళ్ళుంటుంది అప్పా,” అన్నాను, గొప్పగా.

“మూడేళ్ళు ఎవుడాగుతాడు బాబూ? మాపటికి కూర కావాల జనానికి.”

ఆవిడ చెప్పిన ఇంకో సంగతి కూడా అప్పుడు చెవికెక్కలేదు. తెల్లారి పాటలో ఒక రేటు, పదింటికి ఇంకో రేటు, ఎండెక్కాక మరో రేటు. తాజా చేప ధర బరువుని బట్టి కాదు, గంటని బట్టి. సాయంత్రానికి మిగిలింది ఎండుచేపల కళ్ళంలోకో, కోళ్ళ మేతకో పోతుంది. నేను తెల్లవారుజామున, అందరూ ఎగబడే వేళకి వెళ్ళి, మంచి ధర పెట్టి పాటలో పాడుకున్నాను. మేలైన సరుకు కావాలని పట్టుదల.

మన దగ్గర చేపల డబ్బాల కర్మాగారం అందుబాటులో లేక కేరళలో ఒకదాంతో మాట్లాడుకున్నాను. వాళ్ళది తప్పేమీ లేదు, నేనడిగింది చేసిపెట్టారు. తప్పల్లా ఇక్కణ్ణించి ఐసులో కప్పిన కానాగంతల్ని లారీలో వెయ్యి కిలోమీటర్ల పైన మోసుకెళ్ళడం. కానాగంతలకీ నూనె కవ్వలకీ పుట్టిల్లు లాంటి తీరానికి కానాగంతలు పట్టుకెళ్ళాను! అక్కడి మేస్త్రీ పెట్టెలు విప్పించి, ఒక్కొక్క చేప పొట్ట మీద బొటనవేలితో నొక్కి చూశాడు. కొన్ని పొట్టలు చిట్లిపోయాయి. అవి పక్కన పెట్టమన్నాడు. “ఎలాగూ ఉడికించేదే కదా” అన్నాను. అప్పుడాయన చెప్పింది నాకు కొత్త. కానాగంత, సూర, కవ్వ లాంటి చేపలు చల్లదనం తప్పితే వాటి కండలో బ్యాక్టీరియా హిస్టమిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు. ఒకసారి పుట్టాక హిస్టమిన్ ఉడికిస్తే పోదు, డబ్బాలో మూసి 121 డిగ్రీల ఆవిరి పట్టించినా పోదు. పాడవబోతున్న చేపని డబ్బాలో పెట్టి గట్టెక్కించవచ్చని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. డబ్బాలోకీ తాజా చేపే కావాలి.

మరి కర్మాగారం ఎలా బతుకుతుంది? కవ్వలు కుప్పలుతెప్పలుగా పడి, వీధుల్లో అమ్మేవాళ్ళు చేతులెత్తేసిన రోజున కొంటుంది. చేప తాజాయే, కొనేవాళ్ళే లేరు. ఆ ఒక్క రోజు ధర మీద కర్మాగారం నడుస్తుంది. నేను మాత్రం అందరికీ కావలసిన రోజున, అందరికంటే ముందు, అందరి ధరకీ కొన్నాను. ఇక్కడే సగం ఓడిపోయాను.

మిగతా సగం డైరీలోని ఎనిమిది డబ్బాల దగ్గర. కానాగంత తలా తోకా పేగులూ తీసేస్తే కిలోకి 600 గ్రాములు చిల్లర మిగిలింది. డబ్బాలో పెట్టేముందు ఆవిరి మీద ఒకసారి ఉడికించి నీరు వార్చెయ్యాలి, లేకపోతే ఆ నీళ్ళే నూనెలో తేలతాయి. వార్చాక మిగిలింది 450 గ్రాములకి అటూ ఇటూ. కిలోకి నాలుగు డబ్బాలు కూడా రాలేదు. డబ్బాలో చేప ఖరీదు పదిహేడున్నర కాదు, ముప్పై ఏడు. లారీ, ఐసు, చిట్లిన పొట్టలు కలిపితే ఇంకా పైన. తలలన్నీ బుట్టలకెత్తి బయటికి పంపుతుంటే ప్రాణం ఉసూరుమంది. మా ఇళ్ళల్లో పులుసులో తలకాయ ఎవరి కంచంలో పడాలన్నది తగువు. రేవులో కిలో చేప కొన్నవాడు దాదాపు కిలో తింటాడు. డబ్బా వాడు అందులో సగం పారేస్తాడు, కానీ కిలోకీ డబ్బిస్తాడు.

ఇక డబ్బా. టిన్ అంటాం గానీ అది ఉక్కు రేకు. తగరం పైపూత మాత్రమే, లోపల చేప తగలకుండా లక్క లాంటి పూత ఇంకొకటి. అందులో పట్టే చేప ఖరీదుకి కాస్త తక్కువలో ఉంది దాని ధర. పైగా ఖాళీ డబ్బాలు లారీలో తెప్పించుకోవడమంటే కిరాయి కట్టి గాలి మోయించుకోవడమే. వేలల్లో కొంటే ఒక ధర, లక్షల్లో కొంటే ఇంకో ధర. నాది వేలల్లోది.

మూత బిగించాక డబ్బాల్ని రిటార్ట్‌లో పెడతారు. పెద్ద ప్రెషర్ కుక్కర్ అనుకోండి, దాదాపు గంట. ఇది రుచి కోసం కాదు. గాలి లేని చోట బతికే బొటులినమ్ అనే క్రిమి బీజాలు మామూలుగా మరిగే నీళ్ళకి చావవు, 121 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు డబ్బా నడిబొడ్డు దాకా వేడి తగలాలి. అందుకే మంట ఖర్చు తగ్గించుకుందామంటే కుదరదు. అక్కడ పిసినారితనం చేస్తే మనుషులు చస్తారు. ఆ తర్వాత ప్రతి విడత నుంచీ కొన్ని డబ్బాల్ని 37 డిగ్రీల వెచ్చటి గదిలో రెండు వారాలు ఉంచి, ఏదైనా ఉబ్బుతుందేమో చూస్తారు. అన్నాళ్ళూ సరుకు కదలదు, వడ్డీ కదులుతుంది.

ఇదంతా చూశాక కూడా వెనక్కి తగ్గలేదు. డబ్బు పెట్టేశాను కదా, ఆగితే పోతుందన్న భయం. అసలు ఆగాల్సింది అప్పుడే.

డబ్బాలు విశాఖ వచ్చాయి. తాజా చేపకి జీఎస్టీ లేదు, డబ్బాకి ఆ రోజుల్లో 12 శాతం. పంపిణీదారుడి వాటా, దుకాణం వాటా, అమ్ముడుపోకపోతే వెనక్కి తీసుకుంటానన్న ఒప్పందం. అన్నీ కలిపితే 120కి ఇస్తానని ఊహించుకున్న డబ్బా మీద 190 అచ్చేయించక తప్పలేదు. ఎవడో తినేస్తున్నాడనుకున్నాను, తినేవాడెవడూ దొరకలేదు. రేకు, ఆవిరి, లారీ, అర, వడ్డీ, పన్ను తలా కాస్తా పంచుకున్నాయి. నాకు మిగిలింది డబ్బాకి రెండు, మూడు రూపాయలు, అదీ అన్నీ అమ్ముడైతే.

అమ్ముడవలేదు. విశాఖలో 190 పెడితే కిలోకి పైగా తాజా కానాగంతలొస్తాయి, తల ఉచితం. హైదరాబాద్‌లో పోతాయనుకున్నాను. అక్కడ డబ్బా చేప కొనేది వ్యాయామశాలలకి వెళ్ళే కుర్రాళ్ళు, వాళ్ళకి ట్యూనా తప్ప పట్టదు. చివరి ఆశ వేట నిషేధం మీద పెట్టుకున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు కదలవు. సముద్రం చేప కరువైతే జనం డబ్బా వైపు చూడకపోతారా? చూడలేదు. కొల్లేరు చుట్టుపక్కలా, భీమవరం వైపూ చెరువుల్లో బొచ్చెలూ శీలావతులూ కావలసినన్ని. దేశంలో చేపల దిగుబడిలో ముందున్న రాష్ట్రం మనది, ఇక్కణ్ణించి ఐసు పెట్టెలు రోజూ హౌరా దాకా పోతాయి. అంత చేప పండించే చోట ముందుచూపుతో దాచుకున్న చేపకి గిరాకీ ఏముంటుంది? దాచుకున్నదే కావాలనుకునేవాళ్ళ కోసం అప్ప దగ్గర ఎండు కవ్వలు ఉండనే ఉన్నాయి.

మూడేళ్ళ గడువున్న డబ్బాలు గడువు తీరకముందే వెనక్కి రావడం ఇంకో పాఠం. గడువు దగ్గరపడుతున్న సరుకుని దుకాణం అరలో ఉంచుకోదు. చుట్టాలకి పంచాను, పెళ్ళిళ్ళకి బహుమతిగా ఇచ్చాను, మేమూ తిన్నాం. రుచి బాగానే ఉంది. ముళ్ళు మెత్తబడి నమిలి మింగెయ్యొచ్చు, ఒంటికి కాల్షియం కూడా. ఆ మాటకొస్తే డబ్బా చేప మీద నాకే కోపమూ లేదు.

ఈ దారిలో నాకంటే ముందు నడిచినవాళ్ళున్నారని కొచ్చిలో తెలిసింది. 1960లలో అక్కణ్ణించి డబ్బా రొయ్యలు విదేశాలకి బాగానే పోయేవి. డబ్బా రేకు ఖరీదు పెరగడం, గడ్డకట్టించి పంపే పద్ధతి రావడంతో ఆ పరిశ్రమ వెనకబడింది. 1957లో కొచ్చిలో పెట్టిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకి విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది. రేకు డబ్బా బదులు పలచటి సంచుల్లో చేపకూర నింపి ఆవిరి పట్టించే పద్ధతి మీద ఆ సంస్థ చాలా పనిచేసింది. సంచి పలచన గనక వేడి త్వరగా లోపలికి పోతుంది, మోత తక్కువ, ఖాళీవి మడిచి పెట్టుకోవచ్చు. మా ఇంటికి బస్సు దూరంలో ఉన్న ఆ కేంద్రానికి వెళ్ళి, వ్యాపారంలో దిగకముందు ఒక పూట కూచుని ఉంటే బావగారి సొమ్ము మిగిలేది. డబ్బా చేప నిలదొక్కుకోవాలంటే చేప ఎక్కువా తినేవాళ్ళు తక్కువా ఉన్న చోటే. లక్షద్వీప్‌లోని మినికాయ్ అలాంటిది. అక్కడ 1969లోనే ట్యూనా డబ్బాల కర్మాగారం పెట్టారు. చుట్టూ సూర, కొనడానికి ఊరు చిన్నది, పెద్ద మార్కెట్ సముద్రం అవతల. విశాఖ అలాంటి చోటు కాదు.

తాజా అన్న మాట మీద నాకున్న భక్తి కూడా ఈ వ్యాపారంలోనే కొంత తగ్గింది. పెద్ద మరపడవలు వేటకి వెళ్తే పది, పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటాయి. మొదటి రోజు పడ్డ చేప పడవ అడుగున ఐసులో అన్నాళ్ళూ ఉండి, రేవుకొచ్చి, మళ్ళీ థర్మకోల్ పెట్టెలో హైదరాబాద్ చేరుతుంది. దాన్నీ తాజా వంజరమనే అమ్ముతారు, ధర రేవు ధరకి చాలా పైన. డీజిలూ, ఐసూ, లారీ, కరిగి తగ్గిన తూకం, అమ్ముడుపోని ముక్కలు అన్నీ అందులో ఉన్నాయి. పడవ యజమాని వ్యాపారి దగ్గర ముందే బయానా తీసుకుని ఉంటే ఆ పెరిగిన ధరలో అతనికి దక్కేది కొంచెమే. కవ్వ డబ్బాలో పడే చేప చాలాసార్లు పట్టిన మర్నాటికే ఉడికిపోయి ఉంటుంది. హైదరాబాద్ వాళ్ళు దీన్ని విని మొహం చిట్లిస్తారు గానీ, నేను రెండు వైపులా చూసినవాణ్ణి.

కాబట్టి నా తీర్పు అడిగితే, రేవు పక్కన ఉన్నవాళ్ళు డబ్బా కొనడం దండగ. డల్లాస్‌లో పిల్లలు తాజా ట్యూనా కోసం ఇబ్బంది పడటం అంతకంటే దండగ. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సముద్రం చేపే కావాలని పట్టుబట్టకపోతే చెరువు చేప కొనుక్కోవడం మేలు.

డబ్బా కొనేవాళ్ళు ముందువైపు పెద్ద అంకెని చూడకండి. వెనకవైపు చిన్న అక్షరాల్లో డ్రెయిన్డ్ వెయిట్ అని ఉంటుంది, నూనె వంచేశాక మిగిలే చేప అది. ధరని దాంతో భాగించండి. రేవు చేపకైతే శుభ్రం చేశాక మిగిలినదాంతో భాగించండి, తల వండుకునే ఇల్లయితే తలని కూడా కలుపుకోండి. ఎవరైనా చేప డబ్బాల వ్యాపారం పెడదామని మీ దగ్గరికి డబ్బుకొస్తే, చేప కిలో ఎంతని అడక్కండి. ఖాళీ డబ్బా ఎంతకి దొరుకుతుందో, కిలోకి ఎన్ని డబ్బాలొస్తాయో అడగండి. ఎనిమిది అన్నాడంటే పైసా ఇవ్వకండి.